మా తలుపుకి గడియ బిగించిన సినిమాలు

పోయిన ఆదివారం మ్యాట్నీకి వెళ్ళి ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశాను. సినిమా పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, అలాంటివి మీరు ఓ డజను చూసే ఉంటారు. ఊళ్ళో వరసగా హత్యలు జరుగుతుంటాయి. ఇంటర్వెల్ ముందు హంతకుడు దొరుకుతాడు. అప్పుడో డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, వీడికి స్కిజోఫ్రెనియా అని చెబుతాడు. అంతే, ఇంక వేరే కారణం అక్కర్లేదు. మా ముందు వరసలో ఒకాయన పక్కాయనతో, "నాను ముందే సెప్పాను గదా, ఆడు మెంటలోడని" అన్నాడు, పరీక్షలో వచ్చే ప్రశ్నని ముందే పసిగట్టినవాడిలా. పక్కనున్న మా ఆవిడ సుజాతతో "పద" అన్నాను.

నాకున్న జబ్బు అదే. మూడేళ్ళయింది. నేను ఎవర్నీ చంపలేదు. ఆదివారం కోడిని కూడా కొట్టువాడి చేతే కోయించుకుంటాను, అదీ అటు తిరిగి నిలబడి.

ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి ఇది రాస్తున్నాను. జబ్బు నా నిద్ర తీసుకుంది, క్రేను మీద కూర్చునే ఉద్యోగం తీసుకుంది. వాటికి జబ్బునే తిడతాను. కానీ నా కూతురితో నన్ను ఏడు నెలలపాటు ఒక్క గదిలో ఒంటరిగా కూర్చోనివ్వకుండా చేసింది జబ్బు కాదు, సినిమాలు. ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. మా ఇంట్లో వాటిని అందరికంటే ఎక్కువ నమ్మినవాణ్ణి నేనే.

మార్చి, ఏప్రిల్

అప్పట్లో నేను హార్బర్లో క్రేను ఆపరేటర్ని. ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకి రెండు వీధుల అవతల. ఇంట్లో అమ్మ, సుజాత, మూడో తరగతి చదువుతున్న మా జెస్సీ. సుజాత ఓ ప్రైవేటు స్కూల్లో హిందీ చెబుతుంది.

క్రేను పని తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. కేబిన్లో కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏం జరుగుతోందో కనపడదు. ఓడ అంచున ఒక సిగ్నల్‌మేన్ నిలబడి లోపలికి తొంగిచూస్తూ వాకీటాకీలో చెబుతుంటాడు. ఎత్తు, దించు, ఆపు. ఆపరేటరు ఆ మాట ప్రకారం చెయ్యాలి. అడుగున మనుషులుంటారు, మనం సొంత తెలివి వాడకూడదు. నా సిగ్నల్‌మేన్ అప్పలరాజు. పదకొండేళ్ళు వాడి నోరు, నా చేతులు కలిసి పనిచేశాయి.

మార్చిలో ఓ పగటి షిఫ్టులో "దించు" అని వినపడింది. లీవరు మీద చెయ్యి వేసి, ఎందుకో అనుమానం వచ్చి, "దించమన్నావా?" అని అడిగాను.

"నాను ఏటీ అన్లేదు గురూ. కింద మనుసులున్నారు, దించీకు" అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ వారంలో నాలుగుసార్లు. వాకీటాకీల్లో పక్క బెర్తులో ఆగిన ఓడ దగ్గరి మాటలు అప్పుడప్పుడు జొరబడటం మాకు మామూలే. షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన మంచివాడు, సెట్టు మార్పించాడు. కొత్త సెట్టులోనూ అదే మాట. ఛానల్ మార్చారు. బ్యాటరీ మార్చారు. మూడో సెట్టు ఇచ్చారు. ఇంకెక్కడైనా అయితే మనిషిని మొదటివారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. మా దగ్గర నెలన్నరపాటు వాకీటాకీకి వైద్యం చేశారు. తప్పు పట్టను, నేనే ఒప్పించాను అందర్నీ.

ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు విసుగెత్తి బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాను. సెట్టు ఒళ్ళో ఉంది. బ్యాటరీ కిటికీ దగ్గర ఉంది. "దించు. వీడికి చేతకాదు. దించు" అని మాట మాత్రం వస్తూనే ఉంది.

సినిమాల్లో ఇలాంటి గొంతుకి ప్రతిధ్వని పెడతారు. గుసగుసలు పెడతారు, వెనక వయొలిన్ గీరుతారు. నాకు వినపడ్డది జలుబు చేసిన గుమాస్తా గొంతులా ఉండేది. అన్నమాటే అని, అన్నమాటే అని విసిగించేది. నిజంగా చెబుతున్నాను, అంత విసుగు పుట్టించే మాటలకి ఎవడూ టిక్కెట్టు కొనడు. భయం ఆ గొంతులో లేదు. బ్యాటరీ కిటికీ దగ్గర ఉండటంలో ఉంది.

క్రేను ఆపేసి, నిచ్చెన దిగి, అప్పలరాజు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. వాడు నవ్వలేదు. పారిపోలేదు. నా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "పద, నీళ్ళు తాగుదాం" అని నీడలోకి తీసుకెళ్ళాడు. తర్వాత ఇన్‌చార్జితో, ఈ మనిషిని ఇంక కేబిన్ ఎక్కించొద్దని వాడే చెప్పాడు. ఆ రోజు వాడి మీద నాకు పట్టలేని కోపం వచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మే

అమ్మ మొదట పాస్టరుగారిని పిలిచింది. సినిమా అయితే ఈపాటికి నన్ను కుర్చీకి కట్టేసి కొవ్వొత్తులు వెలిగించేవారు. ఆయన ప్రార్థన చేసి, టీ తాగి, "అమ్మా, ప్రార్థన నేను మానను. మీరు మాత్రం రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు.

ఆసుపత్రిలో మానసిక విభాగం ముందు పొడుగాటి హాలు, బెంచీలు, చేతిలో చీటీ. నాతో సుజాత, పెందుర్తి బావ వచ్చారు. పెందుర్తి బావంటే మా అక్క మొగుడు. కుటుంబంలో ఏం జరిగినా ముందు నిలబడే మనిషి, ముందు మాట్లాడే మనిషి కూడా.

ఆ హాల్లో గోడకి ఒక టీవీ ఉంది. అందులో సినిమా కామెడీ వస్తోంది. పిచ్చాసుపత్రి సీను. ఒకడు నెత్తిన బొచ్చె బోర్లించుకుని తానే పోలీసునంటాడు. ఒకడు చెట్టెక్కి కూర్చుని రైలు నడుపుతుంటాడు. డాక్టరు కూడా పిచ్చివాడే అని చివర్లో తెలుస్తుంది. చెప్పుల దండలు, బకెట్లతో నీళ్ళు కొట్టుకోవడాలు. మానసిక రోగులు, వాళ్ళ తల్లులు, వాళ్ళ పెళ్ళాలు ఎదురుచూస్తున్న హాల్లో పొద్దున్న తొమ్మిది గంటలకి ఇదీ వినోదం. తోడొచ్చినవాళ్ళు కొందరు నవ్వారు. చీటీలు పిలిచే మనిషి నవ్వాడు. నాకు ఆ రోజుకి నాలుగు రోజులుగా నిద్ర లేదు, సుజాత భుజం మీద నా తల ఉంది. బొచ్చెవాడు సెల్యూట్ కొట్టేసరికి నేనూ నవ్వాను. అది దాచిపెడితే నేను రాసేదానికి విలువ ఉండదు. చిన్నప్పటినుంచి నవ్వి నవ్వి అలవాటైపోయిన నవ్వు, దానంతటదే వచ్చేసింది.

మా వెనక బెంచీ మీద పాతూరు నుంచి వచ్చిన ఒక సాయిబుగారు కూర్చున్నారు. పరుపుల కొట్టు ఉందట, భార్యని తీసుకొచ్చారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టీవీ వైపే చూస్తోంది. ఆయన లేచి చీటీల మనిషి దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, దాన్ని కొంచెం మారుస్తావా" అన్నారు. రిమోట్ పోయిందన్నాడు. సాయిబుగారు బెంచీ ఎక్కి, చెయ్యి సాచి, ప్లగ్గు పీకేసి, దిగి, బెంచీ మీద మట్టిని తన రుమాలుతో తుడిచి మళ్ళీ కూర్చున్నారు. ఎవరూ మళ్ళీ పెట్టలేదు.

డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పగానే బావ ముందుకి వంగాడు. "అంటే మేడం, ఈడిలో ఇంకొకడు ఉంతాడా? ఆడు ఎప్పుడొస్తాడు?"

ఆవిడ కలం కింద పెట్టింది. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నదో పాపం. "ఇంకొకడెవరూ లేరండి. ఈయన ఒక్కరే. ఈయన వల్ల మీకున్న భయం కంటే, మీ అందరివల్ల ఈయనకున్న భయం ఎక్కువ. మందులు మానకుండా చూసుకోండి, ఓపిక పట్టండి" అంది.

బావ తలూపాడు. కానీ ఆయన మనసులో ఆ ఇంకొకడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

పెందుర్తి వెళ్ళి బావ రెండు రోజులు సెలవు పెట్టి ఫోన్లో ఐదు సినిమాలు చూశాడు, స్టడీ అని చెప్పి. మూడోరోజు డ్రిల్లింగ్ మెషిన్‌తో వచ్చాడు. నా మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమని ఎటు మళ్ళించాలో చెప్పడానికి ఆయన దగ్గరున్నవి ఆ సినిమాలే. "సూడు సుజాతా, ఈల్లు పగలంతా గొర్రెపిల్లల్లాగే ఉంతారు. ఏ టైముకి మారతారో ఆల్లకే తెల్దు. పిల్ల ఉంది ఇంట్లో" అన్నాడు.

కత్తిపీట పెందుర్తి వెళ్ళిపోయింది. చాకులు, కత్తెర అమ్మ ఎక్కడో దాచేసింది. జెస్సీ పడక అమ్మ గదిలోకి మారింది. బావ నా గది తలుపుకి బయటివైపు గడియ పెడదామన్నప్పుడు మాత్రం సుజాత గట్టిగా అడ్డుపడింది. "ఆయనేమైనా దొంగా అన్నయ్యా?" అంది.

గడియ పెట్టమన్నది నేను. ఎందుకంటే నేనూ ఆ సినిమాలన్నీ చూసినవాణ్ణే. చప్పట్లు కొట్టినవాణ్ణే. నాలో ఇంకొకడున్నాడని, వాడు లేచినప్పుడు నాకు తెలియదని, తెల్లారి లేచి చేతులు చూసుకుంటానని, నాకు ఇరవై ఏళ్ళుగా నేర్పారు. డాక్టరమ్మ మాట పది నిమిషాలది. "పెట్టెయ్ బావా, పెట్టెయ్" అన్నాను. నాలుగు స్క్రూలు బిగించాడు. నేనే పక్కన నిలబడి ఒక్కొక్కటీ అందించాను.

జూన్ నుంచి నవంబరు దాకా

మందులు పని చేశాయి. ఈ మాట సినిమాలో ఎవరూ అనరు కాబట్టి మళ్ళీ అంటున్నాను, మందులు పని చేశాయి. మెల్లిగా, నెలల మీద. అక్కడ హీరో మాత్రల్ని కిటికీలోంచి విసిరేస్తే బాగుపడతాడు, లేకపోతే హీరోయిన్ కౌగిలించుకుంటే బాగుపడతాడు, అదీ కాకపోతే తలకి దెబ్బ తగిలి బాగుపడతాడు. మాత్రలు ఇచ్చేవాడు ఎప్పుడూ విలనే. రెండున్నర గంటల్లో ఒక్కడికీ దిండు తడిసేలా చొంగ కారదు. ఒక్కడి చేతిలోనూ టీ గ్లాసు వణకదు. ఎవడూ నాలుగు నెలల్లో పధ్నాలుగు కిలోలు పెరిగి పాత ప్యాంట్లన్నీ తమ్ముడి వరసవాడికి ఇచ్చెయ్యడు. నాకు ఇవన్నీ జరిగాయి. డాక్టరమ్మకి చెబితే మోతాదు తగ్గించింది, ఒకటి మార్చింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. చెప్పుకోవాలంతే.

ఒక్కటి మాత్రం ఆవిడకి చెప్పలేదు, గడియ సంగతి. ఇంట్లో ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ, అందరూ బాగా చూసుకుంటున్నారనే అన్నాను. సుజాత తలొంచుకునేది.

గొంతు పూర్తిగా పోలేదు. రోజంతా వినపడేది వారానికి రెండుమూడుసార్లకి వచ్చింది. కష్టమల్లా, వినపడ్డప్పుడు అది నిజమైన మనిషి మాటా కాదా అన్నదే. ఇంట్లో ప్రతిదానికీ "ఎవరైనా పిలిచారా?" అని అడిగితే అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అడగడం మానేసి గదిలోనే ఉండిపోయేవాణ్ణి. అందరూ ఇంట్లో ఉన్నప్పుడు గడియ తీసి ఉండేది. రాత్రిళ్ళు, అమ్మ ఎటైనా వెళ్ళినప్పుడు, పెట్టి ఉండేది.

జులైలో అనుకుంటాను, జెస్సీ గుమ్మం అవతల నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా అడిగింది. "నాన్నా, నువ్వు మారేటప్పుడు నాకు ముందే సెప్తావా?"

బళ్ళో ఎవరో పిల్లలు ఫోన్లో ఏదో సినిమా ముక్క చూపించారట. అందులో నాన్న కళ్ళు తెల్లబడి కూతుర్ని తరుముతాడట. ఎనిమిదేళ్ళ పిల్ల. భయపడి ఏడుస్తూ అడగలేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది, ముందే తెలిస్తే పక్కింటికి వెళ్ళిపోవచ్చని. నేను సరే చెప్తాను అన్నాను. మారనమ్మా అని చెప్పలేకపోయాను. నాకే నమ్మకం లేదు. ఆ సినిమా రాసినవాడు, తీసినవాడు, డబ్బు పెట్టినవాడు, ఆ వాక్యం ఒక్కసారి తమ పిల్లల నోట వింటే బాగుండునని చాలారోజులు కోరుకున్నాను. మంచి కోరిక కాదు, కానీ కోరుకున్నాను.

సెప్టెంబరులో అప్పలరాజు వచ్చాడు, చేపలు పట్టుకుని. నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గడియని చూశాడు. నేనే ఉండబట్టలేక, ఏది నిజం మాటో తెలియడం లేదన్నాను.

"సెట్టు తేడా సేత్తే హార్బర్లో ఏటి సేత్తాం గురూ? సెవిని నమ్ముతామా?"

"చెయ్యి చూస్తాం" అన్నాను.

అది మా పనిలో మొదటి పాఠం. వాకీటాకీ నమ్మకంగా లేనప్పుడు మాట వినకూడదు, సిగ్నల్‌మేన్ చెయ్యి చూడాలి. పైకి వేలు చూపితే ఎత్తు, కిందికి చూపితే దించు, పిడికిలి బిగించి ఎత్తితే ఆపు. పిడికిలికి ఎదురు లేదు. అది చూశాక ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా క్రేను కదలకూడదు.

"మరి ఇంట్లోనూ అదే సెయ్యి" అన్నాడు. గుమ్మం దగ్గర తచ్చాడుతున్న జెస్సీని పిలిచి గుర్తులన్నీ నేర్పాడు. ఇంకొకటి కొత్తది కలిపాడు. అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపితే, ఎవరూ ఏమీ అనలేదని. దానికి అదో ఆటయింది. అన్నాల దగ్గర నేను కనుబొమ్మలు ఎగరేస్తే, అది చెయ్యి ఊపేది. మాట అక్కర్లేదు, అమ్మ ఏడవక్కర్లేదు. నా కూతురు గుమ్మం అవతల్నుంచే, నడవాలోంచే, నాకు సిగ్నల్‌మేన్ అయింది. గడియ మాత్రం గడియలాగే ఉంది.

డిసెంబరు, ఒక శనివారం

వీధిలో ఇళ్ళకి క్రిస్మస్ స్టార్లు కట్టేశారు. మాది ఇంకా కట్టలేదు. అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్తూ నా తలుపుకి గడియ పెట్టి వెళ్ళింది. సుజాతకి స్కూల్లో పేపర్లు దిద్దే పని. జెస్సీ బడి నుంచి నేరుగా పక్కింటికి వెళ్ళాలి, అది ఏర్పాటు.

మూడింటికి గడియ తీసిన చప్పుడైంది. జెస్సీ, బ్యాగు భుజాన్నే ఉంది. "నాన్నా, ఆకలేత్తంది."

నేను మంచం మీంచి లేవలేదు. "పక్కింటికి వెళ్ళలేదా?"

"తాళం ఏసుంది."

"అయితే గడియ పెట్టేసి వరండాలో కూర్చోమ్మా. అమ్మ వచ్చేస్తుంది."

చూడండి, నా నోటితో నేనే అన్నాను ఆ మాట. అది భుజాన్నుంచి బ్యాగు తీసి కింద పెట్టింది. "ఆకలేత్తందంటే" అంది, ఈసారి కొంచెం విసుగ్గా.

లేచాను. ఏడు నెలల తర్వాత నా కూతురూ నేనూ ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. వంటింట్లో రవ్వ దొరికింది. పచ్చిమిర్చి ముక్కల్ని చేత్తో తుంచాను. ఉల్లిపాయ దగ్గర ఆగిపోయాను.

"చాకు లేదు జెస్సీ. ఉల్లిపాయ లేకుండా చేసేస్తాను."

"నాకు తెల్సు ఎక్కడుందో. మామ్మ బియ్యం డ్రమ్ములో దాసింది" అని మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసి, బియ్యం గింజలు అంటుకున్న చాకుని, పిడి నా వైపు ఉండేలా పట్టుకుని ఇచ్చింది. పిడి నా వైపు తిప్పి ఇవ్వాలని దానికి ఎవరు నేర్పారో తెలియదు.

ఇక్కడ సినిమా ఏం చేస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల మొహం దగ్గరగా, చాకు ఇంకా దగ్గరగా, వెనక వయొలిన్ గీరుడు. మా వంటింట్లో, రెండు వీధుల అవతల పట్టాల మీద గూడ్సు వెళ్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉల్లిపాయ మీద చాకు పెట్టాను.

అప్పుడే వచ్చింది. "దించు."

చాకుని పీట మీద పెట్టేశాను. తల తిప్పి జెస్సీ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాను. అది గిన్నెలో రవ్వ వేలితో కెలుకుతోంది. తలెత్తి, అరచెయ్యి చాచి, అటూ ఇటూ ఊపింది. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ రవ్వ కెలుక్కుంది.

చాకు తీసుకుని ఉల్లిపాయ తరిగాను. సన్నగా, దానికి నచ్చినట్టు. కళ్ళంట నీళ్ళు కారుతుంటే అది నవ్వింది. ఉప్మా కొంచెం అడుగంటింది. ఇద్దరం కింద కూర్చుని ఒకే పళ్ళెంలో తింటున్నాం, చాకు పక్కనే పీట మీద ఉంది, అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. స్టార్ కట్టడానికి వచ్చిన పెందుర్తి బావ, దారిలో సుజాతని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ముందు తీసి ఉన్న గడియని చూశారు. తర్వాత పిల్లని, నన్ను, చాకుని.

"సుజాతా, పిల్లని ఇవతలికి లాగెయ్" అన్నాడు బావ. సుజాత ఒక్క అంగలో గుమ్మం దాటింది. ఆవిణ్ణి తప్పు పట్టను, నేనైనా అదే చేసేవాణ్ణి.

జెస్సీ నోటినిండా ఉప్మా ఉంది. మాట్లాడే వీల్లేదు. కూర్చున్నచోటు నుంచే చెయ్యి ఎత్తి, పిడికిలి బిగించింది.

సుజాత ఆగింది. వెనక బావ కూడా ఆగాడు, ఆ గుర్తు అర్థం ఆయనకి తెలియకపోయినా. పదకొండేళ్ళు హార్బర్లో పనిచేశాను, అంత స్థిరంగా నిలబడ్డ పిడికిలి నేను చూడలేదు. అది నమిలి, మింగి, అప్పుడు చెయ్యి దించింది. "తింటన్నాం గదా" అంది.

సుజాత చెప్పులు విప్పి వచ్చి మా పక్కన కింద కూర్చుంది. "నాకూ కొంచెం పెట్టండి" అంది. పెట్టాను. బావ గుమ్మంలోనే నిలబడి తను బిగించిన గడియని వేలితో రెండుసార్లు అటూ ఇటూ కదిపి చూశాడు.

"స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అని నన్ను అడిగాడు.

"అది కూడా బియ్యం డ్రమ్ములోనే" అంది జెస్సీ.